రెండువైపులా గడియ

ఏ ఇంటి మెట్లెక్కబోయినా ఆయన మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టి, వెనక్కి తీసి, మళ్ళీ పెట్టేవాడు. ఆ తర్వాతే ఎక్కేవాడు.

బ్యాంకు మెట్లైనా అంతే, పెళ్ళివారింటి మెట్లైనా అంతే. వెనక వచ్చేవాళ్ళు ఆయన వీపుకి కొట్టుకునేవారు. కొందరు ఆయనేదో మరిచిపోయి వెనక్కి తిరుగుతున్నాడనుకుని పక్కకి జరిగి దారిచ్చేవారు. భార్య మాత్రం పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకుంది. మెట్ల దగ్గరికి రాగానే బారెడు దూరంలో ఆగేది.

"ఒప్పుకుందా?" అని అడిగేది.

ఆయన తల ఊపేవాడు. అప్పుడు ఇద్దరూ ఎక్కేవారు.

ఆయన లెక్కలో మెట్లన్నిటిలోకీ మొదటిదే మోసగత్తె. మెట్లు పోసేనాటికి కింద నేల ఉత్త కాంక్రీటు. తర్వాత దాని మీద ఇసుక వస్తుంది, సిమెంటు వస్తుంది, టైల్స్ వస్తాయి. నేల కొంచెం లేస్తుంది. లేచిన మేరకు మొదటి మెట్టు పొట్టిదవుతుంది. ఆ సంగతి కాలికి తెలియదు. కాలు మిగతా మెట్ల నమ్మకంతో లేచి, గాల్లో తడబడి, దబ్బున దిగుతుంది. గీసినవాడు ముందే ఊహించి ఉంటే సరేసరి. లేకపోతే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మనుషులు ఒక చిన్న తిట్టుతో మేడెక్కుతారు.

ఈ తిట్టు పడకుండా చూడటమే ఆయన ఉద్యోగం. పెద్ద ఆఫీసు అది. అక్కడ పెద్దసారు ఇల్లు ఊహించేవాడు. ఒకాయన ఇంటి ముఖం గీసేవాడు. ఇంకొకాయన నీళ్ళగొట్టాలు చూసేవాడు. ఈయన దగ్గరికి మెట్లు వచ్చేవి. చేరిన రోజు నుంచీ మెట్లే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి ఆఫీసులోనూ వీధిలోనూ మెట్లాయన అనే మాటే మిగిలింది. ఊళ్ళో ఎంతమందో ఆయన గీసిన దారినే పడకగదికి వెళ్తారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు మాత్రం తక్కువ.

భార్య లైబ్రరీలో పనిచేసేది. పగలంతా జనం నోళ్ళు మూయించి, ఇంటికొచ్చి తన వాటా మాట్లాడేది.

"ఇన్నేళ్ళూ జనాన్ని ఎక్కించారు, దించారు. ఎవర్నీ ఎక్కడా కూర్చోబెట్టలేదు," అని ఒకరోజు అంది. "ఉండటానికి గీయండి ఒకటి. ఒక్కటి చాలు."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ మాట లోపల ఎక్కడో మేకులా దిగింది. పెద్దసారు ముసలివాడై ఆఫీసు మూసేసినప్పుడు, మిగతావాళ్ళు కుర్చీలూ ఫ్యానులూ పంచుకుంటే, ఆయన గీతల బల్లను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. అది ముందుగదిలో సగం ఆక్రమించింది. ఎవరూ ఇల్లు గీయమని రాలేదు. భార్య దాని మీద ఉల్లిపాయలు ఆరబెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు పెద్దావిడ వచ్చింది.

ఆమె ఇద్దరు కొడుకుల తల్లి. కొడుకులిద్దరికీ కలిసి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. వాళ్ళంతా ఒక అద్దె ఇంట్లో ఉంటున్నారు. ప్రింటింగు ప్రెస్సుకీ ఒక లాడ్జీకీ మధ్య ఆమెకొక చిన్న జాగా ఉంది. సందులాంటి జాగా. అక్కడ కారు నిలబెట్టి రెండువైపులా తలుపులు తీస్తే గోడలకి తగులుతాయి. నేల మీద చోటు లేదు గనుక ఇల్లు పైకే పెరగాలి.

"ఆ కంటాసుపత్రి మెట్లు నువ్వే గీశావటగా నాయనా," అంది పెద్దావిడ ఉల్లిపాయలు పక్కకి జరిపి కూర్చుంటూ. "నా మోకాళ్ళు తిట్టకుండా ఎక్కిన మెట్లు ఈ ఊళ్ళో అవొక్కటే. ఇల్లంటే ఏముంది, మెట్లకి గదులు తగిలించడమేగా. నువ్వే గీయి."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆమెకి ఇద్దరు కోడళ్ళు. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

"ఇద్దరూ మంచివాళ్ళే నాయనా. అదే నా ఖర్మ. ఒకత్తి గయ్యాళి అయ్యుంటే ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలిసేది."

ఆమె షరతు ఒక్కటే. గీసిన ఇంటిని చూసి ఇద్దరు కోడళ్ళూ ఒకేరోజు, తన ఎదుట, నోటితో సరే అనాలి. తల ఊపితే చెల్లదు. మొగుళ్ళ చేత చెప్పిస్తే చెల్లదు. వానలు మొదలయ్యేలోపు ఆ మాట రాకపోతే జాగా ప్రెస్సువాడికి ఇచ్చేస్తుంది. వాడు కాగితం కట్టలు పెట్టుకుంటాడు. కాగితానికి కాగితంతో తగాదా ఉండదు కదా అంది.

ఆమె వెళ్ళాక భార్య ఉల్లిపాయల్ని తనంతట తనే వంటింట్లోకి తీసుకుపోయింది.

తర్వాత కొడుకులు వచ్చారు. అన్న ఒకరోజు, తమ్ముడు మరోరోజు, ఒకరికి తెలియకుండా ఒకరు. ఊళ్ళో అందరి చూపూ సరిచేసే ఆ ఇద్దరూ తమ ఇంటి విషయంలో ఒకే అద్దంలోంచి చూశారు. ఆడవాళ్ళు ఎదురుపడకుండా చూడండి సార్, మిగతాదంతా మీ ఇష్టం అన్నారు. అన్న మరొక మాట కలిపాడు. వంటిళ్ళు వీలైనంత దూరంగా ఉంటే మరీ మంచిది అన్నాడు. తమ్ముడూ అదే మాట అన్నాడు, కొంచెం గొంతు తగ్గించి.

మెట్లాయనకి ఇంతకంటే ఏం కావాలి. ఎదురుపడకుండా ఎక్కించడం, దించడం. ఆ పని పుట్టుకతోనే వచ్చినవాడిలా కూర్చున్నాడు.

ఆయన గీసింది నిజంగానే అందమైనది. ఇంటి ముందుభాగం గదులు ఒక మట్టంలో, వెనకభాగం గదులు సగం అంతస్తు పైన. మళ్ళీ ముందువి ఇంకో సగం పైన. అలా మెడ వంచీ ఎత్తీ నడిచే మనిషిలా ఇల్లు పైకి సాగింది. నడిమధ్య పైకప్పు దాకా ఖాళీ, మీద అద్దం. సందులోకి రాని వెలుతురు పైనుంచి దిగి, ఏ అంతస్తునీ అలగనివ్వకుండా అందరికీ తలా కొంచెం పంచుతుంది. కింద పెద్దావిడ గది. అక్కణ్ణుంచి రెండు మెట్లదారులు. ఒకటి పెద్దకోడలికి, ఒకటి చిన్నకోడలికి. రెండూ జడపాయల్లా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ పైదాకా పోతాయి. ఎక్కడా కలవవు. ఒకరు ఎక్కుతుంటే ఒకరు దిగినా చీరచెంగు కూడా కనబడదు.

అట్టతో ఆ ఇంటిని చేశాడు. క్యారేజీ గిన్నెల్లా ఒక్కో అంతస్తూ విడిగా లేస్తుంది. లోపల అగ్గిపుల్లల మెట్లు.

భార్య వంగి చూసింది. "ఇల్లు గీయమంటే రెండు పాములు గీశారేంటండీ," అంది. కానీ ఆ సాయంత్రం మూడిళ్ళ ఆడవాళ్ళని పిలిచి చూపించింది.

పెద్దకోడలు ముందు వచ్చింది. బొద్దుగా, నెమ్మదిగా, వచ్చిన ఇంటి గుమ్మాన్ని కూడా మొహమాటపెట్టేంత మర్యాదగా ఉండే మనిషి. ఒక్కో గిన్నే లేపి చూసింది. తన వంటింట్లో వేలు పెట్టింది. రెండో వేలితో చిన్నకోడలి వంటిల్లు వెతికింది. అది ఒకటిన్నర అంతస్తు పైన, వెనకవైపు దొరికింది.

"అన్నయ్యగారూ, ఇక్కడ కుక్కరు కూస్తే అక్కడికి వినిపిస్తుందా?"

మెట్లాయనకి అర్థమైపోయింది. పాపం, ఆ కూత మీద కూడా గొడవలన్నమాట. గోడ లావు చేస్తానమ్మా, చీమ చిటుక్కుమన్నా వినబడదు అన్నాడు. ఆమె అలాగా అంది. బావుంది అన్నయ్యగారూ, ఆలోచించుకుని చెబుతాను అంటూ లేచింది. చావింట్లో పలకరించి లేచినట్టు లేచింది.

చిన్నకోడలు రెండురోజుల తర్వాత వచ్చింది. సన్నగా, పొడుగ్గా, కూర్చున్నా నిలబడ్డట్టుండే మనిషి. ఆమె నేరుగా డాబా లేపింది. కిందివాళ్ళు బట్టలు ఎక్కడ ఆరేస్తారని అడిగింది. అవి తన కిటికీలోంచి కనబడతాయా అని అడిగింది. మెట్లాయనకి ఇదీ అర్థమైపోయింది. వాళ్ళ తీగె కనబడకుండా అడ్డు పెడతాను, నిశ్చింతగా ఉండమ్మా అన్నాడు. ఆమె కాసేపు అట్ట ఇంటిని చూసింది.

"మీరు చాలా శ్రద్ధగా గీస్తారు సార్," అంది. పొగిడినట్టు లేదు.

ఆయన గోడ లావు చేశాడు. అడ్డు పెట్టాడు. మళ్ళీ చూపించాడు. ఈసారి పెద్దకోడలు, పైవాళ్ళింట్లో ఏం వండుతున్నారో వాసన కిందికి దిగుతుందా అని అడిగింది. ఆయన వాసన పోయే గొట్టాన్ని ప్రెస్సువైపు తిప్పాడు. చిన్నకోడలు, కింద తలుపు తీస్తే పైన తెలుస్తుందా అని అడిగింది. ఆయన తలుపుకి రబ్బరు అంచు పెట్టాడు. వాళ్ళు అడిగినకొద్దీ ఆయన కట్టుదిట్టం చేశాడు. ఆయన కట్టుదిట్టం చేసినకొద్దీ వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. ఇద్దరిదీ ఒకే జవాబు. ఆలోచించుకుని చెబుతాం.

పెద్దావిడ ఫోన్ చేసింది. "గోడలు లావెక్కుతున్నాయటగా నాయనా. మధ్యలో మనుషులకి కూడా కాస్త చోటు ఉంచావా?"

ఆయనకి నవ్వు రాలేదు. ఆకాశం అప్పటికే మబ్బు పట్టడం నేర్చుకుంటోంది. బల్ల మీద ఒకటే ఇల్లు ఉంది. అది పోతే మళ్ళీ ఉల్లిపాయలే.

పాత్రల కొలతలు తీసుకుంటే అరలు సరిగ్గా గీయొచ్చని టేపు జేబులో వేసుకుని వాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళాడు. మెట్టు మీద కాలు పెట్టి, తీసి, పెట్టి, ఎక్కాడు.

వంటిల్లు ఇరుకు. ఒకటే పొయ్యి, ఒకటే తొట్టి, ఒకటే కిటికీ. పెద్దకోడలు పొయ్యి దగ్గర, చిన్నకోడలు తొట్టి దగ్గర. వీపుకి వీపు. ఒకరు వంగితే ఒకరు పక్కకి ఒరుగుతారు. ఆయన గుమ్మంలో నిలబడి గిన్నెల వెడల్పు కొలుస్తున్నాడు.

"కుక్కరూ," అంది పెద్దకోడలు. "ఉప్పుడబ్బా ఎక్కడ దాచారో కనుక్కో."

మెట్లాయన తనతో అన్నారేమోనని చూశాడు. కాదు. ఆమె కుక్కరు వైపే చూస్తోంది.

"దాచలేదని చెప్పవే మిక్సీ," అంది చిన్నకోడలు తొట్టివైపే చూస్తూ. "పై అరలో ఉంది."

"పై అర అందరికీ అందుతుందా అని అడుగు. కొందరు వెదురుబొంగులా పెరిగారు గానీ."

"అందనివాళ్ళు అడిగితే తీసిస్తారని చెప్పు."

"అడుగుతూనే ఉన్నాం కదా కుక్కరూ, ఇంతసేపూ."

ఈ మాటలు నడుస్తుండగానే చిన్నకోడలి చెయ్యి పైకి లేచి, ఉప్పుడబ్బా తీసి, వెనక్కి తిరక్కుండానే పొయ్యి పక్కన పెట్టింది. పెద్దకోడలి చెయ్యి కూడా అటు తిరక్కుండానే దాన్ని అందుకుంది.

కిందికి వచ్చాక పెద్దావిడని అడిగాడు, ఎన్నాళ్ళ నుంచీ ఇలా అని.

"మిక్సీ మూత పగిలినప్పట్నుంచి. ఎవరు పగలగొట్టారో ఇప్పుడు వాళ్ళకే గుర్తులేదు. ఆ మిక్సీ కూడా పోయింది. ఇది రెండోదో మూడోదో."

మెట్లాయన జాలిపడ్డాడు. ఎంత యాతన, మనిషితో మాట్లాడలేక సామానుతో మాట్లాడటం అనుకున్నాడు. ఇంటికొచ్చి రెండు వంటిళ్ళనీ ఇంకో సగం అంతస్తు దూరం జరిపాడు.

ఆ సంగతి విని భార్య అన్నం వడ్డిస్తూ ఆగింది. "మన గరిటె ఏమంటోందో తెలుసా? మీకు మెట్లు తప్ప ఏమీ కనబడవంటోంది."

ఆయన వినలేదు. విన్నా ఎక్కలేదు.

కొలతలు కొన్ని మిగిలిపోయాయి. మళ్ళీ వెళ్ళాడు. ఆరోజు చిన్నకోడలు లేదు, పక్కూళ్ళో తన సొంత అక్కగారింటికి వెళ్ళింది. పెద్దకోడలు ఒక్కతే ఉంది. వంటిల్లంతా ఆమెదే. తొట్టీ ఆమెదే, పొయ్యీ ఆమెదే, వంగినా ఒరగాల్సినవాళ్ళు లేరు. ఇన్నేళ్ళకి దొరికిన రాజ్యం కదా, హాయిగా ఉంటుందనుకున్నాడు ఆయన.

ఆమె ఉల్లిపాయలు వేయించడానికి గిన్నె పెట్టింది.

"కుక్కరూ, నూనె అయిపోవచ్చిందని చెప్పు," అంది.

ఎవరూ ఏమీ అనలేదు. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. ఆమె ఆగింది. జవాబు రావలసినంత సేపు ఆగింది. తర్వాత అదే మాట ఇంకొంచెం గట్టిగా అంది, ఈసారి దెప్పుతూ, అయిపోయేదాకా ఎవరూ చూడరు కదా అని. మిక్సీ తన చోట తను ఉంది. ఆమె దాని వైపు తిరిగి చూసింది. అక్కడ చీర లేదు, మోచెయ్యి లేదు, గాజుల చప్పుడు లేదు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఉల్లిపాయలు ఎర్రబడి, గోధుమరంగై, నల్లబడి, పొగలేచాయి.

మెట్లాయన దగ్గాడు. ఆమె ఉలిక్కిపడి పొయ్యి ఆపింది.

"ఇవాళ వంటిల్లు మరీ పెద్దదిగా ఉంది అన్నయ్యగారూ," అంది. "చేతికేమీ అందడం లేదు."

ఆయన టేపు చుట్టుకుని వచ్చేశాడు. ఏమీ కొలవలేదు.

తన ఇంటి మెట్ల దగ్గర కాలు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టలేదు. కాలు గాల్లో ఉండగానే ఆలోచన పట్టుకుంది. వెనక వస్తున్న పక్కింటాయన పాలసీసా పట్టుకుని కాసేపు ఓర్చుకుని, ఇవాళ ఒప్పుకోవడం లేదా అండీ అని అడిగాడు.

ఒప్పుకోనిది మెట్టు కాదు. ఆయన ఇన్నాళ్ళూ ఉత్త కాంక్రీటు నుంచి కొలిచాడు. వాళ్ళిద్దరికీ పడదు, అదే నేల అనుకున్నాడు. దాని మీద ఏళ్ళ తరబడి పొర మీద పొర ఏం పరుచుకుందో లెక్కలోకి తీసుకోలేదు. కుక్కరు కూత వినిపిస్తుందా అని ఆమె అడిగితే, వినబడకుండా చేశాడు. తీగె కనబడుతుందా అని ఈమె అడిగితే, కనబడకుండా చేశాడు. జనం తడబడకూడదని బతుకంతా గీసినవాడు ఇద్దరు ఆడవాళ్ళని మొదటి మెట్టు దగ్గరే తడబడేలా చేశాడు.

బల్ల ముందు కూర్చుని గోడ సన్నం చేశాడు. రబ్బరు అంచు తీసేశాడు. అడ్డు తీసేశాడు. అది సులువు. రెండు వంటిళ్ళ మధ్య ఒక కిటికీ పెట్టాలి, అదే కష్టం. ముందు గదులు కింద, వెనక గదులు సగం పైన అయిన ఇంట్లో కిటికీ పెడితే ఒకరి పాదాలు మరొకరి కళ్ళ ముందుకొస్తాయి.

"వద్దు బాబూ," అంది భార్య భుజం మీదుగా చూస్తూ. "మాటల్లేకపోతే పోయాయి. కాళ్ళకి దణ్ణం పెట్టించకండి."

అందుకని ఆ ఒక్కచోట మట్టాలు కలపాలి. ఇల్లంతా ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, వంటిళ్ళు మాత్రం ఒకే నేల మీద, పక్కపక్కన. అలా చేయాలంటే ఆ సగం అంతస్తు తేడాని మెట్లు మింగాలి. మింగాలంటే జడ విప్పాలి. ఇల్లంతటిలోకీ అందమైన మలుపు అక్కడే ఉంది, రెండు దారులూ ఒకదాన్నొకటి చుట్టుకుని విడిపోయేచోట. అటువంటి మలుపు ఆయన ఇంతకుముందెప్పుడూ గీయలేదు. ఆఫీసులో ఉండగా ఎవరూ గీయనివ్వలేదు.

రబ్బరు తీసుకున్నాడు. కాసేపు చేతిలో తిప్పాడు. చెరిపేశాడు. భార్య చూసింది గానీ ఏమీ అనలేదు. లైబ్రరీలో ఉన్నట్టు ఉంది.

కిటికీ ఒక పళ్ళెం పట్టేంత. దానికొక చెక్క తలుపు. గడియ ఎటువైపు అన్న ప్రశ్న వచ్చింది. ఒకవైపు పెడితే ఆ వైపువాళ్ళది రాజ్యం. అసలు పెట్టకపోతే ఎవరికీ పరువుండదు. మూసుకునే వీలుంటేనే తెరవడానికి విలువ. రెండువైపులా పెట్టాడు.

మొదటి చినుకులు పడిన రోజున అందరూ పెద్దావిడ గదిలో కూర్చున్నారు. బల్ల మీద అట్ట ఇల్లు. కొడుకులిద్దరూ రెండు మూలల్లో కూర్చుని ఎవరి కళ్ళజోడు వాళ్ళు తుడుచుకుంటున్నారు. కోడళ్ళు బల్లకి ఆవైపొకరు, ఈవైపొకరు. ప్రెస్సువాడు పొద్దున్నే ఒకసారి వచ్చి, ఊరికే పలకరించి పోయాడట. ఆ సంగతి పెద్దావిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

మెట్లాయన పై అంతస్తులు లేపి పక్కన పెట్టాడు. వంటిళ్ళు బయటపడ్డాయి. పక్కపక్కన, ఒకే మట్టంలో. అన్న కళ్ళజోడు పెట్టుకుని చూసి, తీసి, మళ్ళీ తుడుచుకున్నాడు. దూరంగా ఉంచమన్నాం కదా సార్ అని తమ్ముడు గొణిగాడు. నువ్వు నీ కళ్ళజోళ్ళ కొట్లో మాట్లాడు నాయనా, వంటింటి దగ్గర కాదు అంది తల్లి.

పెద్దకోడలి వేలు గోడ వెంట నడిచి కిటికీ దగ్గర ఆగింది.

"ఇదెందుకు అన్నయ్యగారూ?"

ఆయన జవాబు సిద్ధం చేసుకుని వచ్చాడు. దాన్ని మింగేశాడు. నిజం చెబితే ఇద్దరి పరువూ పోతుంది, దాంతోపాటు ఇల్లూ పోతుంది.

"గాలికమ్మా," అన్నాడు.

"గాలికైతే గడియ రెండువైపులా ఎందుకు సార్?" అంది చిన్నకోడలు.

"గాలి ఎటునుంచైనా రావచ్చు కదమ్మా."

ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. వాన చూరు మీద నిలకడగా పడుతోంది. మెట్లాయన తన చేతులవైపు చూసుకున్నాడు. వేళ్ళ చివర్లకి ఇంకా రబ్బరు పొట్టు ఉన్నట్టు అనిపించింది.

పెద్దకోడలు గది నాలుగువైపులా చూసింది. ఇక్కడ కుక్కరు లేదు. అలవాటైన సామాను ఏదీ లేదు. ఉన్నది అట్ట ఇల్లే.

"ఇల్లూ," అంది దానితో, గొంతు సవరించుకుని. "గాలి వస్తే రానీ. అటు కూర మాడితే పొగ ఇటు రాకూడదని చెప్పు."

చిన్నకోడలు ఇంటి అటువైపు నుంచి వంగింది.

"మొన్న మాడింది ఎవరి చేతిలోనో అడుగు ఇల్లూ."

"మాడకుండా చూసేవాళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగితే మాడదా అని అడుగు."

"తిరగలేదని చెప్పు. రెండోరోజే వచ్చేశారు. అక్కగారింట్లో ఏం తోచక."

పెద్దకోడలు కిటికీ తలుపుని గోటితో తెరిచింది. మూసింది. తెరిచి వదిలేసింది.

"ఉప్పుడబ్బా ఈ కిటికీ గట్టు మీదే ఉంటుందని చెప్పు. పై అరలో కాదు."

"సరేనని చెప్పు," అంది చిన్నకోడలు.

"మాకూ సరేనని చెప్పు," అంది పెద్దకోడలు.

తమ్ముడు అభ్యంతరం చెప్పబోయాడు. అది చెప్పింది ఇంటితో కదమ్మా, నీతో కాదుగా, చెల్లుతుందా అన్నాడు. అన్న కూడా అదే అడగబోతున్నట్టు ముందుకి వంగాడు. పెద్దావిడ ఇద్దరినీ చూసింది.

"నా ఎదుట, నోటితో అన్నారు. నేనడిగింది అదే. ఎవరితో అనాలో నేనెప్పుడు చెప్పాను?" తర్వాత మెట్లాయనవైపు తిరిగింది. "కట్టకముందే ఇల్లు మాటలు మోయడం మొదలుపెట్టింది నాయనా. ఇక నువ్వు తప్పుకో, దాని పని అది చేసుకుంటుంది."

అట్ట ఇల్లు అక్కడే ఉండిపోయింది. ఇంటికి తీసుకుపోతానంటే కోడళ్ళిద్దరూ వద్దన్నారు, ఇంటితోనే.

భార్య తలుపు తీసి ఆయన ముఖం చూసింది. వంటింట్లోకి వెళ్ళింది. "గ్లాసూ, టీ తాగుతారా అని అడుగు," అన్న మాట లోపల్నుంచి వినబడింది. ఆయన తడిసిన చెప్పులు విప్పుతూ, తాగుతారని చెప్పు అన్నాడు. ఆ మలుపు పోయిందిగా అందామె, ఈసారి గ్లాసుతో కాదు. పోయింది అన్నాడు. ఇంకో ఇంట్లో గీద్దురుగాని, ఆడవాళ్ళు మాట్లాడుకునే ఇల్లు ఒకటి దొరక్కపోతుందా అంది.

మర్నాడు పొద్దున వాన వెలిశాక ఆయన ఆ జాగాకి వెళ్ళాడు. ప్రెస్సు ఇంకా తెరవలేదు. లాడ్జీ కిటికీలో ఎవరో పళ్ళు తోముకుంటున్నారు. గడ్డిలో, గోడవారగా, తడిసిన ఇటుక ఒకటి పడి ఉంది. దాన్ని తెచ్చి, టేపుతో ఒకటికి రెండుసార్లు కొలిచి, మొదటి మెట్టు రావలసినచోట పెట్టాడు. కిందికి వంగి, నేల మీద కొలత ప్రకారం మట్టి పోసి చదును చేశాడు, టైల్స్ వచ్చాక ఉండే ఎత్తుకి.

తర్వాత లేచి నిలబడి ఇటుక మీద కుడికాలు పెట్టాడు. వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టాడు.